640 డాలర్లు అడిగితే 200 పంపారు: "ఛార్జ్" పక్కన ఏ ప్రిపొజిషన్ రాయాలి?

భీమవరం ఎక్స్‌పోర్ట్ డెస్క్ (ప్రశ్న):

నమస్కారం అండి. భీమవరం దగ్గర ఒక రొయ్యల ఎగుమతి కంపెనీలో డాక్యుమెంటేషన్ చూస్తున్నాను. చేరి పద్నాలుగు నెలలైంది. చదువంతా తెలుగు మీడియమే. ఇన్వాయిస్, ప్యాకింగ్ లిస్ట్ వరకు ఇబ్బంది లేదు. ఫార్మాట్ ఉంటుంది, నింపేస్తాను. సొంతంగా మెయిల్ రాయాల్సి వస్తేనే చేతులు ఆగిపోతాయి.

పోయిన నెల ఒక 40 అడుగుల రీఫర్ (సరుకుని చల్లగా ఉంచే) కంటైనర్ విశాఖ టెర్మినల్ గేటు లోపలికి వెళ్లిపోయాక, అమెరికా బయ్యర్ కన్సైనీ (సరుకు అందుకునేవాళ్ల) పేరు మార్చమన్నారు. కాగితాలు సరిచేసేలోపు ఓడ వెళ్లిపోయింది. తర్వాతి ఓడ దాకా ఎనిమిది రోజులు కంటైనర్‌ని కరెంటు ప్లగ్‌లో పెట్టి, మైనస్ 18 డిగ్రీల్లో ఉంచాల్సి వచ్చింది. రోజుకి 80 డాలర్ల చొప్పున 640 అయింది. తప్పు తమదేనని, తామే భరిస్తామని బయ్యర్ ఫోన్‌లో ఒప్పుకున్నారు. నేను ఇలా మెయిల్ పెట్టాను:

"ది టెర్మినల్ హాజ్ ఛార్జ్‌డ్ 640 డాలర్స్ ఆన్ అస్ అండ్ వి ఆర్ ఛార్జింగ్ ది సేమ్ ఫ్రమ్ యు. ప్లీజ్ పే ఆన్ అకౌంట్."

నాలుగు రోజులకి 200 డాలర్లు వచ్చాయి. "మీరు అడిగినట్టే ఆన్ అకౌంట్ 200 పంపాం, మిగతాది బిల్లు చూశాక" అని జవాబు. నేనెప్పుడు అలా అడిగాను? "మీ ఖాతాలో కట్టండి" అనే అనుకుని రాశాను. ఎండీ గారు పిలిచి 440 ఏమైందని అడిగితే చెప్పలేకపోయాను.

ఆన్, ఫ్రమ్, టు, ఫర్, విత్, ఎట్... ఎక్కడ ఏది వాడాలో గుర్తుండే దారేదైనా చెప్పండి. గ్రామర్ పుస్తకంలో వంద ఉదాహరణలు ఉన్నాయి. చదివినప్పుడు అర్థమవుతాయి, మెయిల్ ముందు కూర్చుంటే ఒక్కటీ గుర్తు రాదు.

బిల్లింగ్ నైట్ షిఫ్ట్, హైదరాబాద్:

తొందరలో ఉన్నాను, ముఖ్యమైనది చెప్తాను. "ఛార్జ్" క్రియగా వాడినప్పుడు మనిషికీ మొత్తానికీ ప్రిపొజిషన్ అక్కర్లేదు. "దే ఛార్జ్‌డ్ అస్ 640 డాలర్స్." అంతే. దేనికి అని చెప్పేటప్పుడే "ఫర్": "ఫర్ రీఫర్ ప్లగ్-ఇన్." మా టీమ్‌లో కొత్తగా చేరినవాళ్లకి మొదటి రోజు ఇదే చెప్తాం. ఇంకోటి, కస్టమర్‌కి "యు ఆర్ ఛార్జ్‌డ్ విత్..." అని ఎప్పుడూ రాయకండి. ఛార్జ్‌షీట్ వేసినట్టు ఉంటుంది.

పాత పోర్టు మనిషి, విశాఖ:

అమ్మా, నీ మెయిల్ మూడుసార్లు చదివాను. నేను 1991లో ఒక క్లియరింగ్ ఏజెంట్ (కస్టమ్స్, పోర్టు పనులు చూసిపెట్టేవాళ్లు) దగ్గర డాక్యుమెంటేషన్ టేబుల్ మీద కూర్చున్నాను, రిటైరయ్యేదాకా ఆ పనే. నువ్వు రాసిన లాంటి వాక్యాలు వందల కొద్దీ నా చేతుల మీదుగా పోయాయి. కొన్ని నేనే రాశాను. వాటికి మా యజమాని చేతి నుంచి డబ్బు కట్టాడు. కాబట్టి కాస్త పొడుగ్గా చెప్తాను, ఓపిగ్గా చదువు.

నీకు ఇంగ్లీషు రాక ఈ తప్పు జరగలేదు. తెలుగు బాగా వచ్చు కాబట్టి జరిగింది. మనం "టెర్మినల్ వాళ్లు మా మీద 640 వేశారు" అంటాం. ఆ "మీద" నేరుగా "ఆన్ అస్" అయింది. "మీ దగ్గర వసూలు చేస్తున్నాం" అంటాం, ఆ "దగ్గర" "ఫ్రమ్ యు" అయింది. అందుకే ప్రిపొజిషన్ల జాబితా బట్టీ పట్టొద్దు. ముందు నీ తెలుగు వాక్యం మనసులో అనుకో, అందులో ఏ మాట వచ్చిందో చూడు. మీద, దగ్గర, కింద, చొప్పున, ఖాతాలో. డబ్బు గురించి మాట్లాడేటప్పుడు మనకి తిరిగి తిరిగి వచ్చేవి ఈ అయిదే.

అన్నిటికంటే తేలికైనది "చొప్పున". అది వచ్చిందంటే ఇంగ్లీషులో "ఎట్". రోజుకి 80 చొప్పున అంటే "ఎట్ 80 డాలర్స్ పర్ డే". నూటికి 18 చొప్పున జీఎస్టీ అంటే "ఎట్ 18 పర్సెంట్". ఇందులో నేనెప్పుడూ మోసపోలేదు. రేటు చెప్పకుండా లెక్క కట్టే పద్ధతి మాత్రమే చెప్పాలంటే "బై". ప్లగ్-ఇన్ రోజుల లెక్కన వేస్తారు, "బై ది డే". వెనకటికి టెలిగ్రాం ఇస్తే మాటకింత అని లెక్కపెట్టేవాళ్లు, "బై ది వర్డ్". 2013లో ఆ సర్వీసే మూసేశారు గానీ, "బై" నాకు గుర్తున్నది ఆ కౌంటర్ దగ్గరే. "రీచింగ్ టుమారో" అని రెండు మాటల్లో విషయం తేల్చడానికి జనం ఎంత ఆలోచించేవాళ్లో!

"దగ్గర" సంగతి. మీ దగ్గర తీసుకుంటాం, వసూలు చేస్తాం, రాబడతాం అన్నప్పుడు "ఫ్రమ్" సరైనదే. కాకపోతే దాని ముందు ఉండాల్సింది "కలెక్ట్" లేదా "రికవర్". "వి విల్ రికవర్ దిస్ అమౌంట్ ఫ్రమ్ యు" తప్పు కాదు, కాస్త గట్టిగా వినిపిస్తుంది. "ఛార్జ్" పెడితే "ఫ్రమ్" వద్దు, "వి ఆర్ ఛార్జింగ్ యు". ఎందుకంటే "ఛార్జ్" అంటే డబ్బు తీసుకోవడం కాదు, ఇంత కట్టాలని చెప్పడం. తీసుకుంటేనే కదా "నుంచి" అన్న మాట పుట్టేది!

"మీద" దగ్గర జాగ్రత్త, ఇది రెండు వైపులా కోస్తుంది. సరుకు మీద పన్ను, అప్పు మీద వడ్డీ, రొయ్యల మీద యాంటీ డంపింగ్ డ్యూటీ (మరీ తక్కువ ధరకి దిగుమతి అవుతోందని వేసే పన్ను). ఇవన్నీ "ఆన్". అమెరికా మన రొయ్యల మీద ఆ డ్యూటీ 2005 నుంచి వేస్తోంది కాబట్టి "డ్యూటీ ఆన్ ష్రింప్" అన్న మాట మీ ఫైళ్లలో ఎలాగూ ఉండే ఉంటుంది. అదే "మీద" మనిషికి తగిలిస్తే "ఛార్జ్" క్రియ ఒప్పుకోదు. "ఛార్జ్‌డ్ ఆన్ అస్" తప్పు, "ఛార్జ్‌డ్ అస్" ఒప్పు. క్రియ మార్చి "ది టెర్మినల్ ఇంపోజ్‌డ్ ఎ ఛార్జ్ ఆన్ అస్" అంటే మళ్లీ సరిపోతుంది, అక్కడ "ఆన్" కోరుకుంటున్నది "ఇంపోజ్". పుస్తకాలు మనల్ని తికమక పెట్టేది ఇక్కడే. "ఛార్జ్ ఆన్" తప్పని ఒక పేజీలో, ఒప్పని ఇంకో పేజీలో కనిపిస్తుంది. రెండూ నిజమే. అది అక్కడ క్రియగా ఉందా, నామవాచకంగా ఉందా అన్నది చూసుకోవాలి.

"కింద". ప్లగ్-ఇన్ కింద 640, ఫ్రైట్ కింద రెండు లక్షలు. దీన్ని "అండర్" చేయకు. డబ్బు అడిగేటప్పుడు "ఫర్" చాలు. కట్టినట్టు చెప్పేటప్పుడు మన దేశంలో "టువర్డ్స్" రాస్తాం: "పెయిడ్ టువర్డ్స్ ఫ్రైట్". పర్వాలేదు, అర్థమవుతుంది. కానీ చదివేవాడికి అందులో "ఇంకా కొంత మిగిలి ఉంది" అన్న ఛాయ తగలొచ్చు. మొత్తం కట్టేసి ఉంటే "ఇన్ ఫుల్" అని కలుపు.

ఇక "ఖాతాలో". నీ 440 ఇక్కడ పోయింది.

ఊళ్లో కిరాణా కొట్టుకి పిల్లాణ్ని పంపి "మా ఖాతాలో రాసుకోమను" అంటాం. ఇంగ్లీషులో అది "ఛార్జ్ ఇట్ టు అవర్ అకౌంట్". "లో" ఉంది కదా అని "ఇన్" రాయకూడదు. ఆ పద్దు వెళ్లి చేరేది ఖాతాకి, కాబట్టి "టు". డెబిట్, క్రెడిట్ కూడా అంతే: "డెబిట్ 640 డాలర్స్ టు అవర్ అకౌంట్". తిప్పి "డెబిట్ అవర్ అకౌంట్ విత్ 640 డాలర్స్" అన్నా తప్పు లేదు. ఈ "విత్" ఖాతాతో వచ్చింది కాబట్టి నేరం మోపినట్టు కాదు. "ఛార్జ్" పక్కన మనిషిని పెట్టి "విత్" అంటేనే పైన హైదరాబాద్ వాళ్లు చెప్పిన చిక్కు.

నువ్వు రాసింది "పే ఆన్ అకౌంట్". వ్యాపారంలో దానికి ఎప్పట్నుంచో ఒకే అర్థం ఉంది. మొత్తం బాకీలో కొంత ఇప్పుడు కట్టడం, మిగతాది తర్వాత లెక్క చూసుకోవడం. మన మాటలో జమకి కొంత ఇవ్వడం. మీ బయ్యర్ నిన్ను మోసం చేశాడనుకోకు, నువ్వు రాసిందే చేశాడు. మూడు మాటలు పక్కపక్కన పెట్టి చూడు, ఒక్కో ప్రిపొజిషన్‌కి డబ్బు ఎలా దిక్కు మారుతుందో తెలుస్తుంది. "పేమెంట్ ఆన్ అకౌంట్" కొంత చెల్లింపు. "ఆన్ అకౌంట్ ఆఫ్ డిలే" అంటే ఆలస్యం వల్ల. "ఫర్ బయ్యర్స్ అకౌంట్" అంటే ఖర్చు బయ్యర్‌ది. నీకు కావాల్సింది మూడోది: "దిస్ కాస్ట్ ఈజ్ ఫర్ యువర్ అకౌంట్." నా మొదటి మూడేళ్లలో "ఫర్" బదులు "ఆన్" రాసి నేనూ దెబ్బ తిన్నాను. అది ప్లగ్-ఇన్ కాదు, డెమరేజ్ (గడువు దాటితే పడే రుసుము). మొత్తం ఇప్పుడు చెప్పను, మా యజమాని ఆ రోజు మాట్లాడకుండా కిటికీ వైపు చూస్తూ కూర్చోవడం ఇంకా గుర్తుంది.

చిన్నవి ఇంకో రెండు. సాంపిల్స్ పంపేటప్పుడు "ఎట్ ఫ్రీ ఆఫ్ కాస్ట్" అని మనవాళ్లు చాలామంది రాస్తారు. "ఫ్రీ ఆఫ్ ఛార్జ్" ఒకటి, "ఎట్ నో ఛార్జ్" ఇంకొకటి. రెండూ కలిపి ముడేయొద్దు. ఊరికే పంపుతున్నా ఇన్వాయిస్‌లో విలువ చూపించి "వాల్యూ ఫర్ కస్టమ్స్ పర్పసెస్ ఓన్లీ" అని రాయడం మరిచిపోకు. రెండోది, బిల్ ఆఫ్ లేడింగ్ (ఓడ కంపెనీ ఇచ్చే సరుకు రసీదు)లో "ఫ్రైట్ పేయబుల్ ఎట్" అన్న గడిలో నింపాల్సింది ఊరి పేరు. ఒకసారి ఒక కుర్రాడు అక్కడ డాలర్ రేటు నింపాడు. "ఎట్" అంటే చొప్పున అని నేనే నేర్పాను వాడికి! రేటుకీ చోటుకీ ఒకటే మాట, గడి పేరు చదివి నింపాలి.

గుంటూరు మిర్చి:

పెద్దాయనా, మీరు చెప్పింది బాగుంది. కానీ మేం ఇరవయ్యేళ్లుగా "ఛార్జ్‌డ్ ఫ్రమ్ అస్" అనే రాస్తున్నాం. బంగ్లాదేశ్ వాళ్లకి అర్థమవుతుంది, శ్రీలంక వాళ్లకి అర్థమవుతుంది. డబ్బు వస్తోంది. కుర్రవాళ్లని ఈ చిన్న చిన్న మాటలకి ఎందుకు భయపెట్టడం?

పాత పోర్టు మనిషి, విశాఖ:

మీ మాట కాదనను. "ఛార్జ్‌డ్ ఫ్రమ్ అస్" వల్ల ఎవరికీ పైసా నష్టం రాలేదు, రాదు కూడా. వినడానికి బాగోదు, అంతే. ఆ అమ్మాయి అక్కడ తప్పు రాసినా నేను ఊరుకునేవాణ్ని. నాకు బాధ కలిగించేవి చిన్న మాట మారితే కట్టేవాడు మారిపోయేవి. ఆన్ అకౌంట్, ఫర్ అకౌంట్. నెట్ ఆఫ్ (తీసేశాక), ఎక్స్‌క్లూజివ్ ఆఫ్ (కలపకుండా). అలాంటివి పట్టుమని పది లేవు. వాటి దగ్గర మాత్రం భయపడాల్సిందే. ఇరవయ్యేళ్ల స్నేహం ఉన్న బయ్యర్ ఫోన్ చేసి అడుగుతాడు, కొత్త బయ్యర్ నువ్వు రాసింది పట్టుకుంటాడు.

ట్రేడ్ ఫైనాన్స్, సికింద్రాబాద్:

బ్యాంకు వైపు నుంచి కొంచెం. పెద్దాయన చెప్పిన "ఫర్ అకౌంట్ ఆఫ్" ఎల్‌సీ (బయ్యర్ బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ పత్రం)లో అచ్చంగా అలాగే కనిపిస్తుంది. ఎల్‌సీ కోసం బ్యాంకుల మధ్య నడిచే స్విఫ్ట్ ఎంటీ 700 మెసేజ్‌లో 71డీ అనే ఫీల్డ్ ఛార్జీలది. అందులో "బయ్యర్ దేశం బయట అయ్యే బ్యాంకు ఛార్జీలన్నీ ఫర్ అకౌంట్ ఆఫ్ బెనిఫిషియరీ" తరహా వాక్యం ఉంటుంది. బెనిఫిషియరీ అంటే మీరే, ఎగుమతి చేసేవాళ్లు. చాలామంది ఆ లైను చూసి "ఫర్ బెనిఫిషియరీ" కాబట్టి మనకి లాభం అనుకుంటారు. తిరగేసి అర్థం చేసుకోవాలి, ఆ ఛార్జీలు మీ జేబులోంచి పోతాయి. ఎల్‌సీ రాగానే మొదట చదవాల్సిన ఫీల్డుల్లో ఇదొకటి, నచ్చకపోతే సరుకు ఎక్కించక ముందే మార్పు అడగాలి.

మామూలు టీటీ (బ్యాంకు ద్వారా నేరుగా డబ్బు పంపడం) అయితే ఛార్జీలు ఎవరివో చెప్పడానికి మూడే మాటలు. "ఓయూఆర్" అంటే ఛార్జీలన్నీ పంపేవాళ్లవి. "ఎస్‌హెచ్‌ఏ" అంటే పంపేవాళ్ల బ్యాంకువి వాళ్లవి, మిగతావి మీవి. "బీఈఎన్" అంటే అన్నీ మీవే. మీకు 200 సరిగ్గా 200గా వచ్చిందా, మధ్య బ్యాంకు కోసుకోగా తక్కువొచ్చిందా చూసుకోండి. రాబోయే 440కీ ఇదే ప్రశ్న.

ఇంకొక "ఛార్జ్ ఆన్" కూడా మీ ఆఫీసులో ఎదురవుతుంది. కోల్డ్ స్టోరేజీలో ఉన్న సరుకు చూపించి బ్యాంకులో అప్పు తీసుకుంటే, ఆ సరుకు మీద బ్యాంకుకి "ఛార్జ్" ఉంటుంది. ఇది రుసుము కాదు, హక్కు. కంపెనీల చట్టం 2013, సెక్షన్ 77 కింద దాన్ని మామూలుగా 30 రోజుల్లో రిజిస్టర్ చేయాలి, ఫారం సీహెచ్‌జీ-1. "ఫస్ట్ ఛార్జ్ ఆన్ స్టాక్స్" అని ఉత్తరం వస్తే మొదటి రుసుము అనుకుని అకౌంట్స్‌కి పంపేవాళ్లని చూశాను.

గ్రూప్స్ ప్రిపరేషన్:

ఈ "ఛార్జ్‌డ్ ఆన్" మా పాలిటీ సిలబస్‌లోనూ ఉందండి. రాజ్యాంగం 112(3): "ఛార్జ్‌డ్ ఆన్ ది కన్సాలిడేటెడ్ ఫండ్ ఆఫ్ ఇండియా". రాష్ట్రపతి వేతనం, సుప్రీంకోర్టు జడ్జీల జీతాలు, కాగ్ జీతం, ప్రభుత్వ అప్పుల మీద వడ్డీ లాంటివి సంఘటిత నిధి మీద భారంగా ఉంటాయి. పార్లమెంటులో చర్చించొచ్చు, ఓటింగ్ ఉండదు. "నిధి మీద భారం" అని గుర్తుపెట్టుకున్నాక నాకు ఆ "ఆన్" ఎప్పుడూ తప్పలేదు.

పాత పోర్టు మనిషి, విశాఖ:

బాగా చెప్పావు బాబూ. భారం అన్న మాట నాకు తట్టలేదు. మనిషి మీద కాకుండా నిధి మీదో సరుకు మీదో "ఛార్జ్" వచ్చి దాని పక్కన "ఆన్" ఉంటే "భారం" అని పెట్టి చదివితే, పన్నుకీ బ్యాంకు హక్కుకీ రెండిటికీ సరిపోతోంది.

భీమవరం ఎక్స్‌పోర్ట్ డెస్క్:

అందరికీ ధన్యవాదాలండి. మీరు చెప్పిన అయిదు మాటలు మానిటర్ కింద కాగితం మీద రాసి అంటించాను. సికింద్రాబాద్ సార్ చెప్పాక బ్యాంకు అడ్వైజ్ (జమ వివరాల కాగితం) చూశాను, 200లో 15 డాలర్లు తగ్గి 185 వచ్చింది! కొత్త మెయిల్ ఇలా రాశాను, పంపే ముందు ఒక్కసారి చూడండి:

"ది టెర్మినల్ ఛార్జ్‌డ్ అస్ 640 డాలర్స్ ఫర్ రీఫర్ ప్లగ్-ఇన్ ఎట్ 80 డాలర్స్ పర్ డే సిన్స్ ఎయిట్ డేస్. యాజ్ అగ్రీడ్, దిస్ కాస్ట్ ఈజ్ ఫర్ యువర్ అకౌంట్. వి హావ్ రిసీవ్‌డ్ 200 డాలర్స్. ప్లీజ్ రెమిట్ ది బ్యాలెన్స్ ఆఫ్ 440 డాలర్స్ నెట్ ఆఫ్ బ్యాంక్ ఛార్జెస్."

పాత పోర్టు మనిషి, విశాఖ:

మొదటి వాక్యం, రెండో వాక్యం చూసి సంతోషమేసింది అమ్మా. మూడు చోట్ల ఆగు.

"సిన్స్ ఎయిట్ డేస్" కాదు, "ఫర్ ఎయిట్ డేస్". "ఎనిమిది రోజుల నుంచి" అన్న తెలుగు లోపలికి వచ్చేసింది. అయినా ఒకే వాక్యంలో రెండు "ఫర్"లు బాగోవు. ప్లగ్-ఇన్ అన్నాక రెండు చుక్కలు పెట్టి "ఎయిట్ డేస్ ఎట్ 80 డాలర్స్ పర్ డే" అని రాసెయ్. లెక్క కళ్లకి కనిపిస్తుంది.

రెండోది, వచ్చింది 200 కాదు, 185. మామూలుగా అయితే మన చేతికొచ్చినదే రాయాలి. కానీ ఆ 15 ఎవరిదో ముందే ఒప్పుకోలేదు కాబట్టి పోట్లాడకు. 200 అందినట్టే లెక్కకట్టి 440 అడుగు, 15 సంగతి ఎండీ గారిని అడిగి నిర్ణయించుకో.

మూడోదే ప్రమాదం. "నెట్ ఆఫ్ బ్యాంక్ ఛార్జెస్" అంటే ఛార్జీలు తీసేశాక మిగిలేది. నీ ఉద్దేశం, కోతలన్నీ అయ్యాక మాకు 440 అందాలి అని. వాళ్లు చదివేది, 440లోంచి ఛార్జీలు కోసుకుని మిగతాది పంపమంటున్నారు అని. మళ్లీ అదే గుంటలో పడతావు. "విత్ ఆల్ బ్యాంక్ ఛార్జెస్ బోర్న్ బై యు" అని రాయి, పక్కన "ఓయూఆర్" అని కూడా పెట్టు. బ్యాంకు క్లర్కుకి ఆ మూడక్షరాలు చాలు.

టెర్మినల్ బిల్లు జత చేస్తున్నావు కదా, అది ఎవరి పేరు మీద ఉంది? చాలాసార్లు క్లియరింగ్ ఏజెంట్ పేరు మీద వస్తుంది. అలాగైతే "ది టెర్మినల్ ఛార్జ్‌డ్ అస్" అన్నది కాగితంతో కలవదు, బయ్యర్ మళ్లీ ఆపుతాడు. "వి వర్ ఛార్జ్‌డ్ త్రూ అవర్ క్లియరింగ్ ఏజెంట్" అని మార్చి, ఏజెంట్ మీకు వేసిన బిల్లు కూడా పెట్టు.

భీమవరం ఎక్స్‌పోర్ట్ డెస్క్:

ఏజెంట్ పేరు మీదే ఉందండి! నేను చూడనే లేదు. వాళ్ల బిల్లు కోసం ఇప్పుడే ఫోన్ చేశాను, సాయంత్రానికి స్కాన్ పంపుతామన్నారు. అది రాగానే మీరు చెప్పినట్టు మార్చి పంపుతాను.